చలి పొద్దున కారుకెందుకీ వణుకు?

సోమ, గురువారాల్లో మా ఇంట్లో నాలుగున్నరకే లైటు వెలుగుతుంది. ఆరింటికల్లా అత్తయ్యను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. మావారు ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటారు కాబట్టి డ్రైవింగ్ నాదే. మాది ఆదిలాబాద్. డిసెంబరు వచ్చిందంటే పది డిగ్రీల లోపు చలి ఇక్కడ వింతేమీ కాదు.

పోయిన చలికాలం మా పాత పెట్రోలు కారు కొత్త పేచీ మొదలెట్టింది. తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఆ వెంటనే చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు! స్టీరింగూ, సీట్లూ, వెనకాల కూర్చున్న అత్తయ్యా అంతా ఊగిపోవడమే. నాలుగైదు నిమిషాలయ్యాక మాత్రం ఏమీ ఎరగనట్టు మెత్తగా నడుస్తుంది. ఒకరోజు ఇంటికి దగ్గర్లోని రైల్వే గేటు తీసే వేళకు సరిగ్గా ఆగిపోయింది. వెనక లారీల హారన్లు. "ఆటో పిలుద్దామా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య శాలువా బిగించుకుంటూ. గొంతులో కోపం లేదు, భయం ఉంది. డయాలసిస్‌కు వేళ దాటితే ఆమె వంతు వెనక్కి పోతుంది మరి.

మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి పదకొండయింది. అప్పటికి కారు బంగారం! "బాగానే ఉందమ్మా, ఒకసారి సార్‌ను పంపండి" అన్నాడు. సార్ ఈ కారు తోలి రెండు నెలలైంది, ఆయనేం చెబుతారు? చివరకు బ్యాటరీ మార్చాడు. వణుకు పోలేదు. సెల్ఫ్ చక్కగా తిరిగే కారుకు కొత్త బ్యాటరీ ఎందుకని అడగాలన్న తెలివి నాకూ అప్పుడు లేకపోయింది.

ఇలా కాదని, పాల లెక్క రాసే నోటుపుస్తకంలోనే కారు లెక్కా రాశాను. ఎన్నింటికి తీశాను, ఎన్ని నిమిషాలు వణికింది, ఎండలో నిలిపి మళ్లీ తీస్తే ఎలా ఉంది, ఇంజిన్ లైటు వెలిగిందా. వారం తిరిగేసరికి సంగతి తేలింది. రాత్రంతా నిలబడిన కారే వణుకుతోంది. మధ్యాహ్నం ఒక్కసారీ లేదు.

ఇంకో షెడ్డులో ఒక కుర్ర మెకానిక్ ఆ పేజీ చదివి, "బండి రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి మేడమ్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నేనే స్టార్ట్ చేసి చూస్తా" అన్నాడు. మొదటివాడు అడగనిది ఇదే. వేడెక్కిన కారును చూసి చల్లని కారు రోగం చెప్పడం ఎలా కుదురుతుంది?

మర్నాడు నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. అతను చెప్పిందాన్ని బట్టి నాకర్థమైంది ఇది. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు సరిగా మండదు. అందుకని కారులోని కంప్యూటర్ మొదట కాసేపు పెట్రోలు ఎక్కువ పోయించి, ఇంజిన్ వేగం పెంచుతుంది. వెనకటి కార్లలో ఈ పనికే చోక్ లాగేవాళ్లు. ముల్లు 1200, 1500 దాకా వెళ్లి, వేడెక్కాక 700, 900 మధ్యకు దిగితే కంగారు పడక్కర్లేదు. తప్పల్లా వణుకుదే. ఏదో ఒక సిలిండర్ సరిగా మండడం లేదన్నమాట. మెకానిక్‌ల భాషలో 'మిస్సింగ్'. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025లో 20 శాతానికి చేరింది కదా, ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలుకన్నా ఎక్కువ వేడి కావాలి. చలి పొద్దున పాత కార్లకు అదొక అదనపు పరీక్ష.

నాలుగు ప్లగ్గులూ విప్పితే ఒకదాని మొన అరిగిపోయి ఉంది. నాలుగూ మార్చాడు. వణుకు సగం తగ్గింది. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి చూస్తే లోపలికి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని తేలింది. ఆ గాలి ఎక్కణ్ణుంచి? చెవి పెట్టి విన్నాడు. సన్నగా 'స్‌స్‌స్' మంటోంది. ఇంజిన్ వెనకాల వంకర తిరిగిన చోట బొటనవేలంత రబ్బరు పైపు, దాని మీద పగులు! ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలిదారిలోకి పంపే పైపట అది.

కుక్కరు గాస్కెట్ పాతబడితే ఏమవుతుంది? మొదట పక్కనుంచి ఆవిరి కారుతుంది, వేడెక్కి రబ్బరు మెత్తబడ్డాక సర్దుకుంటుంది. ఇదీ అంతే. చలికి బిగుసుకున్న రబ్బరు నోరు తెరుస్తుంది, వేడికి మూసుకుంటుంది. పైగా పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కితే గానీ పనిలోకి దిగదు. అది దిగాకే కంప్యూటర్ గాలి ఎక్కువైందని కనిపెట్టి పెట్రోలు సరిచేస్తుంది. అందాకా దానిది గుడ్డి లెక్కే. నా నోటుపుస్తకంలోని నాలుగైదు నిమిషాల గుట్టు అదీ!

పైపు మార్చి, మసి పట్టిన థ్రాటిల్ బాడీ తుడిచి ఇచ్చాడు. మొత్తం ఖర్చు బ్యాటరీ ధరలో సగం కూడా కాలేదు. అందరి కార్లకూ ఈ పైపే కారణమనుకోకండి. ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజిన్ వేడిని తప్పుగా చెప్పే సెన్సర్ కావచ్చు, రాత్రంతా చుక్కచుక్కగా కారే ఇంజెక్టర్ కావచ్చు. ప్లగ్గులు, పైపులు, మసి చూశాకే పెద్ద సామాన్ల జోలికి వెళ్లమనండి. తీసిన పాత సామాను మీ చేతికి ఇమ్మనండి.

మరో మాట. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బానెట్ ఎత్తేముందు కొంగూ, చున్నీ, జడా బిగించుకోండి. ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం కారు పక్కకు ఆపేయండి. అలాగే నడిపితే పొగను శుద్ధి చేసే ఖరీదైన కన్వర్టర్ పాడవుతుంది. వేడెక్కడం కోసం పది నిమిషాలు నిలబెట్టనూ వద్దు, రేజ్ చేయనూ వద్దు. అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే చాలు.

ఆ గురువారం కూడా గేటు పడింది. రైలు వెళ్లేదాకా ఇంజిన్ సన్నగా నడుస్తూనే ఉంది. అత్తయ్య వైపు తిరిగి చూస్తే నిద్రపోతున్నారు.