చతురంగ గృహ సంఖ్య: భూతసంఖ్యా పద్యపాఠానికి గణిత పరీక్ష

1. ఉపోద్ఘాతం:
తెలుగు శాస్త్రకవిత్వ చరిత్రలో పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’ విశిష్టమైనది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన ‘గణితసారసంగ్రహము’ దీనికి మూలం. చదరంగపు తొలి గడిలో 1, ఆపై ప్రతి గడిలో అంతకు ముందుదానికి రెట్టింపు చొప్పున 64 గళ్లు నింపితే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం మల్లన పేరిట ప్రసిద్ధం. అందులోని 20 అంకెలను గణిత ధర్మాలతో పరీక్షించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. సంఖ్య, సంకేతాలు:
ఆ మొత్తం 2⁶⁴ − 1, అనగా 18446744073709551615. పద్యం దీనిని భూతసంఖ్యల్లో చెబుతుంది. శరం 5, శశి 1, వేదం 4, గిరి 7, గగనం 0. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి, అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. ‘అబ్ధి’ వంటి పదాల వద్ద చిక్కు ఎదురవుతుంది. సప్తసముద్రాల ప్రసిద్ధిని బట్టి పాఠకుడు 7 అనుకోవచ్చు. భూతసంఖ్యా సంప్రదాయంలో అది 4.

3. కారణాంకాలు:
ఒక వర్గం నుండి 1 తీసివేస్తే, దాని మూలానికి 1 కలిపినదీ తీసినదీ కారణాంకాలవుతాయి. ఈ సూత్రాన్ని వరుసగా ప్రయోగిస్తే 2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అని తేలుతుంది. వీటిలో చివరిది ప్రధాన సంఖ్య కాదని, 641 దానిని భాగిస్తుందని ఆయిలర్ 1732లో చూపాడు. దాని రెండవ కారణాంకం 6700417. ఈ ఏడు ప్రధాన కారణాంకాలూ ఒక్కొక్కసారే వస్తాయి కనుక మొత్తం భాజకాలు 128.

4. పాఠపరీక్ష:
అంకెల మొత్తం 87. కనుక సంఖ్య 3తో భాగింపబడుతుంది. అయితే ఈ పరీక్ష చాలదు. ‘అబ్ధి’ని 7గా చదివితే మొత్తం 90 అవుతుంది, అదీ 3తో భాగింపబడేదే. 17తో భాగించినపుడు ఆ దోషం బయటపడుతుంది. ఏ స్థానంలోనైనా ఒక అంకె మారితే ఏర్పడే భేదం, 1 నుండి 9 లోపు సంఖ్యను 10 యొక్క ఘాతంతో గుణించినది. దానిని 17 భాగించదు. పక్కపక్కనున్న రెండు భిన్నమైన అంకెలు తారుమారైనా అంకెల మొత్తం మారదు. కానీ 17 ఆ దోషాన్నీ పట్టిస్తుంది. రెండు మూడు దోషాలు కలిసి పరస్పరం సరిపెట్టుకునే అవకాశం ఉన్నందున 257తోనూ పరీక్షించడం మేలు.

5. ముగింపు:
ఈ పరీక్షలు విలువను నిర్ధారించడానికి తోడ్పడతాయి తప్ప పదాన్ని తేల్చలేవు. ‘శర’, ‘బాణ’, ‘సాయక’ మూడూ 5నే సూచిస్తాయి. వాటి గురులఘు క్రమాలు మాత్రం వేరు. కనుక లేఖకుడు ఒక పర్యాయపదం స్థానంలో మరొకటి వ్రాస్తే గణితానికి ఆ మార్పు కనబడదు, ఛందస్సుకు కనబడుతుంది. ఇటువంటి పద్యాల పరిష్కరణలో ఈ రెండింటినీ జతగా వినియోగించడం అవసరం.