అబ్బాయి పబ్బుకు పిలిస్తే...

తెనాలి నుంచి ఒక ఇల్లాలు ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయికి హైదరాబాదులో, గచ్చిబౌలిలో ఉద్యోగం. వచ్చే నెల తల్లిదండ్రుల ముప్ఫయ్యో పెళ్ళిరోజు. ఆ రోజు ఇద్దర్నీ ఏదో 'గ్యాస్ట్రో పబ్బు'కు తీసుకువెళ్ళి భోజనం పెట్టిస్తానంటున్నాడట. "మావారికి పదేళ్ళుగా షుగరూ, బీపీ ఉన్నాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకుంటారు. పండక్కో పబ్బానికో ఒక పెగ్గు పుచ్చుకుంటారు. నాకా అలవాటు లేదు. అబ్బాయి మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు. వెళ్ళవచ్చునా? వెళితే ఎలాంటి చోటు చూసుకోవాలి?" అని ఆవిడ ప్రశ్న.

పండగా పబ్బం అనేటప్పటి పబ్బం వేరు, ఈ పబ్బు వేరు. అయినా అబ్బాయి పిలుస్తున్నది పండగకే గనక తప్పకుండా వెళ్ళండి. ఎలా వెళ్ళాలన్నదే నేను చెప్పబోయేది. ఇది ఆవిడొక్కరి సంగతి కాదు. పిల్లలు పట్నంలో, పెద్దలు ఊళ్ళో ఉన్న ఇళ్ళలో ఈ ప్రశ్న ఇవాళ కాకపోతే రేపు వచ్చేదే.

'గ్యాస్ట్రో' అన్న మాట చెవిన పడగానే మా వైద్యులకు ముందు గుర్తొచ్చేది భోజనం కాదు, వానాకాలంలో వాంతులూ విరేచనాలతో నిండిపోయే వార్డు. గ్రీకు భాషలో ఆ మాటకు పొట్ట అని అర్థం. ఇక పబ్బంటే ఇంగ్లీషువాళ్ళ వీధి చివర ఉండే బీరు దుకాణం. అక్కడ తాగడం ముఖ్యం, తిండి నామమాత్రం. 1991లో లండన్ ఫారింగ్‌డన్ రోడ్డులో 'ది ఈగిల్' అనే పాత పబ్బును డేవిడ్ ఐర్, మైకేల్ బెల్బెన్ అనే ఇద్దరు తీసుకుని, బీరు పోసే బల్ల వెనకే పొయ్యి పెట్టి, అందరూ చూస్తుండగా మంచి భోజనం వండి వడ్డించడం మొదలుపెట్టారు. అలా పుట్టిన పేరే ఇది. ఆ పేరు ఊళ్ళు దాటి దేశాలు దాటి మన జూబిలీహిల్స్ దాకా వచ్చింది. పేరుతోపాటు పద్ధతి కూడా వచ్చిందా అంటే, అన్నిచోట్లా రాలేదు. అంచేత మీరు వెతకవలసింది ఆ పద్ధతి. తిండి ముందు, తాగుడు తరవాత. వంటిల్లు కంటికి కనిపించాలి.

మొదటే ఒక మాట చెప్పి తీరాలి. "కొద్దిగా పుచ్చుకుంటే గుండెకు మంచిదట కదండీ" అని నన్ను అడగనివాడు లేడు. ఆ మాట నమ్మి తాగని మనిషి తాగడం మొదలుపెట్టనక్కర్లేదు. ఇంత తాగితే ఏ హానీ లేదని చెప్పగల కొలత అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. కాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో మద్యం 1988లోనే చేరింది. గర్భిణులు, లివరు జబ్బున్నవారు, నిద్రమాత్రలూ మూర్ఛ మాత్రలూ వాడేవారు బొత్తిగా ముట్టకూడదు. విరేచనాలకూ పంటి నొప్పికీ ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్ర వాడుతున్నవారు కోర్సు అయ్యాక కూడా మూడు రోజులు ఆగాలి. మందు మీద మందు పడితే ఏమవుతుందో మా క్యాజువాల్టీలో చూస్తూనే ఉంటాం.

ఇప్పుడు చోటు సంగతి. అబ్బాయికి చెప్పండి, ముందుగా ఒక మామూలు రోజున వాడొక్కడే వెళ్ళి చూసి రావాలని. గోడ మీద ఆహార భద్రత శాఖవారి లైసెన్సు, దాని పద్నాలుగు అంకెల నంబరు కనిపించేలా ఉండాలి. అది చూశాక నేరుగా చేతులు కడుక్కునే చోటికి వెళ్ళాలి. సబ్బుందా, నీళ్ళొస్తున్నాయా, తుడుచుకోవడానికి ఏముంది? అతిథికే సబ్బు పెట్టని చోట వంటవాడికి పెట్టారని నేను నమ్మను. పదార్థాల పట్టిక చాంతాడంత ఉంటే అనుమానించండి. నాలుగు దేశాల వంటలు రెండొందల రకాలు ఏ రోజుకారోజు తాజాగా వండటం ఏ నలభీములకూ సాధ్యం కాదు. సగం ఐసుపెట్టెలోంచే రావాలి. పట్టిక చిన్నదై, జనం మాత్రం నిండుగా ఉన్న చోట సరుకు నిలవుండదు.

వేపుళ్ళ వాసన చూడండి. మాడిన వాసనగానీ, తిన్న తరవాత గొంతులో కనరుగానీ తగిలితే అది పదేపదే కాగిన నూనె. నూనెలో విరిగిపోయిన పదార్థాలు నూటికి 25 వంతులు మించితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. కొలిచే సాధనం మన జేబులో ఉండదు గనక ముక్కే సాధనం. పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. అందులో పెరిగే సాల్మొనెల్లా అనే క్రిమి నలుగురు కూర్చుని తిన్న బల్లని నాలుగు మంచాలు చేయగలదు. గుడ్డు లేనిదేనా అని అడగడానికి మొహమాటపడకండి. ఫ్రైడ్ రైస్ విషయంలో కూడా జాగ్రత్త. పొద్దున వండి బయట ఉంచిన అన్నంలో మరొక క్రిమి విషం తయారుచేస్తుంది. రాత్రి మళ్ళీ వేయించినా ఆ విషం పోదు.

ఐసు గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. గడ్డకడితే క్రిములు చస్తాయని, చావకపోతే విస్కీ చంపుతుందని. రెండూ నిజం కాదు. మంచినీటితో అక్కడే చేసిన ఐసైతే సరే, లేకపోతే మూత బిగించిన సోడా చాలు. అక్కడే కాచి గొట్టాల్లోంచి పట్టే బీరు దొరికే చోట్లు ఇప్పుడు నగరంలో చాలా ఉన్నాయి. ఆ గొట్టాలు తరచూ కడగకపోతే బీరుకు పులిసిన వాసనో, వెన్న వాసనో వస్తుంది. అలా వస్తే గ్లాసు పక్కన పెట్టండి. గౌటు జబ్బుతో కాలి బొటనవేలు వాచే అలవాటున్నవారికి మాత్రం ఎంత శుభ్రమైన బీరైనా పనికిరాదు.

చప్పుడు మాటేమిటంటారా? చేయి చాచినంత దూరంలో కూర్చున్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ చప్పుడు చెవికి చెరుపే. 85 డెసిబెల్స్ చప్పుడు ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 డెసిబెల్స్‌ని పదిహేను నిమిషాలకు మించి తట్టుకోదు. పెళ్ళిరోజు పూట భార్యాభర్తలు సైగలతో మాట్లాడుకోవడం ఏం ముచ్చట! స్పీకర్లకు దూరంగా, పొగ గదికి ఇంకా దూరంగా బల్ల తీసుకోమనండి.

ఇక లెక్క. ఇది మగవారు కూడా శ్రద్ధగా చదవాలి. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలుంటుంది. "నేను మందు ముట్టను, బీరే" అనేవారు వినండి. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో 25 గ్రాములు, ఎనిమిది శాతం ఉండే స్ట్రాంగ్ సీసాలో 40 గ్రాములు. అంటే రెండు పెగ్గులు! లివరు గంటకు ఎనిమిది, పది గ్రాములకు మించి అరిగించలేదు. కాఫీ తాగినా, మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, తల మీద చన్నీళ్ళు పోసుకున్నా దాని వేగం పెరగదు. మన చట్టం ప్రకారం బండి నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించకూడదు. ఆ గీత దాటడానికి చాలామందికి ఒక్క పెగ్గు చాలు. కాబట్టి చోటు వెతికేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా వెతకండి. అద్దె కారో, మెట్రోనో, అసలు ముట్టని మనిషి చేతిలో స్టీరింగో ఉండాలి.

కాక్‌టెయిల్స్ ఇంకో మాయ. తీపి కింద ఘాటు దాక్కుంటుంది. మాకు తెలిసిన ఒక పెద్దావిడ పట్టికలో 'లాంగ్ ఐలండ్ ఐస్డ్ టీ' అన్నది చూసి, టీయే కదా అని తెప్పించుకున్నారు. అందులో వోడ్కా, జిన్, రమ్, టెకీలా, ట్రిపుల్ సెక్ అని అయిదు రకాల మద్యం ఉంటుంది. లేనిదల్లా టీ ఆకు. గ్లాసు పూర్తికాక ముందే ఆవిడ లేవబోయి కుర్చీతో సహా పడ్డారు. పేరు తెలియనిది వద్దు. అందులో ఏముందో వెయిటరు చెప్పలేకపోతే అసలే వద్దు.

ఇప్పటిదాకా చెప్పింది అందరికీ. షుగరు మాత్రలు వాడేవారికీ, వాళ్ళ ఇంటివారికీ అసలు మాట ఇప్పుడు చెబుతాను. దీనికి నా అనుభవమే చెప్పుకోవాలి.

1990లలో నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజులు. రాత్రి పన్నెండింటికి ఒక ఆటో అబ్బాయి నలభై అయిదేళ్ళ మనిషిని తెచ్చి క్యాజువాల్టీలో దించి వెళ్ళిపోయాడు. గుప్పుమని మందు వాసన. పిలిస్తే ఏదో గొణుగుతున్నాడు. ఆ రాత్రి అలాంటివాళ్ళు అప్పటికే ముగ్గురున్నారు. "తాగొచ్చాడు, పొద్దుటికి దిగుతుంది" అని వరండాలో ట్రాలీ మీద పడుకోబెట్టించి నా పనిలో పడ్డాను. మూడింటికి ముసలి సిస్టరమ్మ ఒకావిడ వచ్చి, "డాక్టరుగారూ, ఆ వరండాలో ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఒకసారి షుగరు చూద్దామా?" అంది. చూశాం. 28. గబగబా గ్లూకోజు ఎక్కించాం. జేబు వెతికితే సగం వాడిన షుగరు మాత్రల అట్ట దొరికింది. తెలివి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆయన లెక్కల మాస్టారు. స్నేహితుడి పదోన్నతి విందుకు వెళ్ళాడు. ఇంటి దగ్గర మాత్ర వేసుకుని బయల్దేరాడు. అక్కడ రెండు పెగ్గులు పుచ్చుకున్నాడు. భోజనం వచ్చేలోగా ఒళ్ళు తూలితే ఇంటికి పోదామని ఆటో ఎక్కాడు. ఆర్నెల్ల తరవాత ఆస్పత్రి ఎదుట కిళ్ళీకొట్టు దగ్గర కనిపించాడు. చేతిలో చిల్లర మూడుసార్లు లెక్కపెట్టుకుని, కుదరక, అంతా కొట్టువాడి చేతిలో పోశాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను పలకరించలేకపోయాను.

ఆయన ఒంట్లో జరిగిందేమిటంటే, ఆకలి వేళ రక్తంలో చక్కెర తగ్గకుండా కొత్త చక్కెర తయారుచేసే పని లివరుది. మద్యం పడగానే లివరు ఆ పని మానేసి మద్యాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలూ, ఇన్సులినూ ఇంకోవైపు చక్కెరను కిందికి లాగుతూనే ఉంటాయి. పొట్టలో తిండి లేకపోతే ఇక ఆధారమేముంది? చెమటలు, వణుకు, తడబడే మాట, అర్థంలేని కోపం, మత్తు. చూసేవాళ్ళకు ఇవన్నీ తాగుడు లక్షణాలే. వాసన కూడా ఉంది గనక వేరే అనుమానమే రాదు. నాకే రాలేదు. పైగా ఇది అప్పటికప్పుడే రావాలని లేదు, మర్నాడు తెల్లవారుజామునైనా రావచ్చు.

అమ్మా, మీ ఉత్తరంలో మీవారి మాత్ర పేరు రాయలేదు. పట్టుకెళ్ళి మీ డాక్టరుకు చూపించి, పైవాటిలో ఏదైనా అందులో ఉందేమో కనుక్కోండి, బీపీ మాత్ర కూడా చూపించండి. ఉందంటే ఆ పూట మీవారు నిమ్మకాయ సోడా తెప్పించుకోవడమే నా సలహా, పంచదార, ఉప్పు రెండూ తగ్గించి. అది తెప్పించుకున్నవాణ్ణి చులకనగా చూసే వెయిటరున్న చోటు మంచి చోటు కాదని అబ్బాయికి చెప్పండి. ఎంత చెప్పినా ఆయన ఒక పెగ్గు పుచ్చుకుంటానంటే, సగం పెగ్గు, నీళ్ళు కలిపి, అదీ అన్నమో రొట్టో కడుపులో పడ్డ తరవాత. ముందుగా వచ్చే ఉప్పు పల్లీలు భోజనం కింద లెక్క కాదు. అవి దాహం పెంచి మరో గ్లాసు తెప్పించడానికి.

రాత్రి మాత్ర ఇంట్లో వేసుకుని బయల్దేరవద్దు. హైదరాబాదు ట్రాఫిక్కులో ఒక గంట, బల్ల కోసం అరగంట, వంటకం రావడానికి ఇంకో అరగంట. ఆ మాత్రకు ఇవన్నీ తెలియవు, దాని పని అది చేసుకుపోతుంది. పొట్లంలో కట్టి వెంట తీసుకువెళ్ళి, కంచం ముందుకొచ్చాక వేసుకోమనండి. శనివారం రాత్రి వద్దు, మధ్య వారంలో ఏడింటికి బల్ల ముందే చెప్పి ఉంచుకోమనండి.

ఇంటికొచ్చాక పడుకునేముందు షుగరు చూడండి. వందకు తక్కువుంటే రెండు బిస్కెట్లో, ఒక గ్లాసు పాలో ఇవ్వండి. తెల్లవారుజామున ఒకసారి లేచి నుదురు తాకి చూడండి. చెమట పట్టి, మాట తడబడుతుంటే తాగిన మత్తని ఊరుకోకుండా, మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. పిలిస్తే పలక్కపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వచ్చినవాళ్ళతో మొట్టమొదట చెప్పవలసిన మాట "షుగరు మాత్రలు వాడతారు" అని. మీ హ్యాండుబ్యాగులో ఆ రోజు చిన్న పంచదార పొట్లం ఒకటి వేసుకోవడం మరచిపోకండి.