చిన్న బెల్టు – పెద్ద పని



ఇప్పుడు మనం పాటలు సెల్‌ఫోనులో వింటున్నాం. కాని కొందరి ఇళ్లలో అటక మీద పాత టేపు రికార్డరు ఇంకా ఉంది. పక్కనే పాత క్యాసెట్లు ఉంటాయి. కొన్నింటిలో సినిమా పాటలు. కొన్నింటిలో మనవాళ్ల గొంతులు. అమ్మమ్మ పాడిన మంగళహారతి ఉండొచ్చు. సినిమా పాట మళ్లీ దొరుకుతుంది. అమ్మమ్మ గొంతు మళ్లీ దొరకదు.

అందుకే అలాంటి క్యాసెట్టు పెట్టే ముందు టేపు రికార్డరులో బెల్టు ఎలా ఉందో చూసుకోవాలి.

బెల్టు ఏం చేస్తుంది?

కుట్టుమిషను చూశారు కదా! కాలితో తొక్కితే కింది పెద్ద చక్రం తిరుగుతుంది. బెల్టు పైనున్న చిన్న చక్రాన్ని తిప్పుతుంది. టేపు రికార్డరులోనూ అంతే. లోపల చిన్న మోటారు ఉంటుంది. సన్నని రబ్బరు బెల్టు మోటారుతో పాటు ఒక బరువైన చక్రాన్ని తిప్పుతుంది. దానివల్ల టేపు ఒకే వేగంతో నడుస్తుంది. నడిచిన టేపును కుడివైపు పళ్ల చక్రం చుట్టుకుంటుంది. కొన్నింటిలో ఈ చక్రానికి వేరే బెల్టు ఉంటుంది.

ఏళ్లు గడిస్తే రబ్బరు సాగుతుంది, పగులుతుంది. కొన్ని బెల్టులు తారులా కరిగిపోతాయి. వాడకుండా దాచినా పాడవుతాయి. బెల్టు జారితే కుడి చక్రం ఆగిపోవచ్చు. అప్పుడు టేపు లోపల చిక్కుపడి నలిగిపోతుంది. గొంతు పోయినట్టే.

పాడైన బెల్టు గుర్తులు

1. గొంతు నెమ్మదిగా, బరువుగా వినిపిస్తుంది.
2. పాట వణుకుతుంది.
3. టేపు వెనక్కి తిప్పితే మధ్యలో ఆగిపోతుంది.
4. మోటారు గుయ్యిమంటుంది, చక్రాలు తిరగవు.

బ్యాటరీలు అయిపోవచ్చినా గొంతు సాగుతుంది. ముందు కొత్తవి వేసి చూడండి.

గడియారంతో కూడా చూడొచ్చు. కొన్ని క్యాసెట్ల మీద 60 అని ఉంటుంది. అంటే ఒక పక్కకు 30 నిమిషాలు. అక్కర్లేని క్యాసెట్టు ఒకటి పెట్టి టైము చూడండి. ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైతే ఫరవాలేదు. 35 నిమిషాలు పట్టిందా? బెల్టు జారుతూ ఉండొచ్చు.

మార్చే పద్ధతి

1. ప్లగ్గు ఊడదీయండి. బ్యాటరీలు తీసేయండి. స్విచ్చి ఆపితే చాలదు.
2. వెనక స్క్రూలు విప్పి గిన్నెలో వేయండి. మూత మెల్లగా తీయండి. తీగలు లాగవద్దు. కరెంటు తీగ లోపలికి వచ్చే చోట చెయ్యి పెట్టవద్దు.
3. బెల్టు ఏ చక్రాల మీదుగా పోతుందో కాగితం మీద బొమ్మ గీసుకోండి.
4. పాత బెల్టు తీసి షాపుకు పట్టుకెళ్లండి. అది సాగి ఉంటుంది. కొత్తది కొంచెం చిన్నదిగా ఉండాలి. పాతది కరిగిపోతే చక్రాల చుట్టూ దారం పెట్టి కొలవండి. దారం 20 సెంటీమీటర్లు వస్తే బెల్టు సుమారు 19 ఉండాలి. మందం కూడా సరిపోవాలి.
5. చక్రాలను స్పిరిటుతో తుడవండి. తారు మిగలకూడదు. నూనె తగలకూడదు.
6. కొత్త బెల్టును మెలిక పడకుండా వేయండి.

జడకు పెట్టుకునే రబ్బరు వేయొచ్చా? వద్దు. అది ఒకే తీరుగా లాగదు. పాట వణుకుతుంది.

చెయ్యి పెట్టడానికి భయమా? మెకానిక్కు దగ్గరకు వెళ్లండి. “బెల్టు మార్చండి. పాత బెల్టు నాకు చూపించండి” అని అడగండి. మిషను మొత్తం పోయిందంటే వెంటనే నమ్మవద్దు.

చివరగా ఒక మాట

బెల్టు మార్చగానే అమ్మమ్మ క్యాసెట్టు పెట్టవద్దు. ముందు అక్కర్లేని క్యాసెట్టు రెండు పక్కలా చివరిదాకా నడపండి. చిక్కుపడకపోతే అప్పుడు ఆ క్యాసెట్టు పెట్టండి. పాడుతుండగా పక్కనే సెల్‌ఫోను పెట్టి రికార్డు చేయండి. అప్పుడు ఆ గొంతు రెండు చోట్ల ఉంటుంది. మనవరాళ్లు కూడా వింటారు.

చెప్పండి చూద్దాం

1. బెల్టు జారితే టేపు ఏమవుతుంది?
2. మూత విప్పే ముందు ఏం చేయాలి?
3. మీ ఇంట్లో ఎవరి గొంతు దాచి ఉంది?