సముద్రం వేడెక్కితే ధ్రువాకాశంలో మార్పు: ఎల్ నినో ప్రభావంపై వివరణ

వరంగల్: భూమధ్యరేఖా ప్రాంతపు పసిఫిక్ జలాలు సాధారణం కంటే వేడెక్కే స్థితిని ఎల్ నినో అంటారు. ఈ పేరు వినగానే జిల్లాలలో కరవు గుర్తుకు రావడం సహజమే గాని, దీని ప్రభావం ఉత్తర ధ్రువంపైనున్న స్ట్రాటో ఆవరణం వరకు విస్తరిస్తుంది.

వెచ్చని జలాలపై దట్టమైన మేఘాలు ఏర్పడినపుడు విడుదలయ్యే ఉష్ణం వాతావరణంలో వేల కిలోమీటర్ల పొడవైన తరంగాలను రేపుతుంది. శీతాకాలంలో ఇవి పైకి సాగి, ధ్రువం చుట్టూ తిరిగే పడమటి గాలుల సుడిని బలహీనపరుస్తాయి. అంతట ధ్రువంపై గాలి కిందికి దిగి, ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. ఒక్కొక్కసారి కొద్ది రోజులలోనే ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. 2024 జనవరి, మార్చి నెలలలో ఇట్టి ఆకస్మిక తాపనం సంభవించింది. అయితే ఎల్ నినో అతి బలంగా ఉన్న 2015-16 శీతాకాలంలో అధిక భాగం ధ్రువాకాశం మిక్కిలి చల్లగానే ఉన్నది.

కావున ఎల్ నినో ప్రకటనను జిల్లా వర్షసూచనగా భావించరాదు. 2023 జూన్‌లో ఎల్ నినో ఏర్పడినట్లు అమెరికా వాతావరణ సంస్థ ప్రకటించింది. జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటలలో, పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమైన ములుగు ప్రాంతంలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. వరంగల్ నగరంలో పలు కాలనీలు నీట మునిగాయి. ఆ మరుసటి ఆగస్టులోనే దేశ సగటు వర్షపాతం 1901 తరువాత ఆ నెలకు కనిష్ఠంగా నమోదైంది.