ముగ్గురి చదరంగము

చదరంగము ఇద్దరాడు ఆట యని మీరెరుగుదురు. పూర్వము మన దేశమున పాచికలు వేసి నలుగురాడిన చదరంగమును 11వ శతాబ్దమున అల్‌బిరూనీ తన గ్రంథమున వర్ణించెను. నలుగురికి చదరపు బల్ల నాలుగు వైపులును చాలును. మరి ముగ్గురు మిత్రులున్నచో నేమి చేయవలెను?

ఒక వేసవిలో చందర్లపాడు గ్రామమున మా యరుగుమీద ముగ్గురు బాలురకు ఈ చిక్కే వచ్చినది. "మాస్టారూ, ముగ్గురమును కలిసి యాడు ఉపాయము చెప్పండి" అని వారు నన్నడిగిరి.

మామూలు బల్లలో 64 గళ్లు గలవు. అందు సగము 32. అట్టి సగములు మూడింటిని చేర్చిన 96 గళ్ల షడ్భుజ మేర్పడును. ఒక్కొక్కని సరిహద్దున నున్న 8 గళ్లలో 4 కుడివైపు వాని సీమను, 4 ఎడమవైపు వాని సీమను తాకును. కొన్ని గళ్లు ఏటవాలుగా నుండును. దీనిని అట్టమీద గీసి, ఒక్కొక్కరికి 16 పావులిచ్చితిమి.

బలములు సమానమే, ఆట మాత్రము సమానము కాలేదు. అన్నదమ్ములైన ఇద్దరు ఏకమై మూడవవానిపై బడిరి. అతని 16 పావులకు 32 పావులెదురు! త్వరలోనే అతని ఆట కట్టెను. "ఇది ఆట కాదు మాస్టారూ" అని ఆ బాలుడు కన్నీటితో లేచెను. అతని మాట నిజము.

మన పులిజూదమును చూడుడు. పులులు 3, మేకలు 15. సంఖ్య వేరైనను, పులికి దూకి చంపు శక్తియు, మేకలకు చుట్టుముట్టి కట్టు శక్తియు నుండుటచే ఆట రక్తి కట్టును. కావున న్యాయము పావుల లెక్కలో గాక నియమములలో నున్నది.

మరునాడు మూడు నియమములు చేసితిమి. మొదటిది: ఒక రాజు కట్టుబడగనే ఆట ముగియును, కట్టినవాడే గెలుపరి, తక్కిన యిద్దరును ఓడినవారే. రెండవది: రాజు కట్టుబడెనా లేదా యనునది ఆ రాజు గలవాని వంతు వచ్చినప్పుడే నిర్ణయింపవలెను. మూడవది: 6 ఆటలాడవలెను, మూడింట వంతు కుడికి, మూడింట ఎడమకు సాగును. అప్పుడు ప్రతివానికిని తొలి ఎత్తు రెండుసార్లు వచ్చును. ఎల్లప్పుడు ఒక్కని వెనుకనే ఆడవలసిన బాధ యుండదు.

ఆట మరల సాగెను. తమ్ముడు ఆ బాలుని రాజును ముట్టడించెను. తమ్ముడు గెలిచిన అన్నయు ఓడును గదా! వెంటనే అన్న తన గుర్రమును తమ్ముని దారికి అడ్డము నిలిపెను. నిన్న యేడ్చిన బాలుడు పకపక నవ్వెను.

పిల్లల మనసులు ఒక్క రాత్రిలో మారలేదు; మారినవి నియమములే. పదిమంది కలిసి చేయు పని యేదైనను, బలహీనుని కాపాడుట అందరికిని లాభమగునట్లు నియమము లేర్పరచుకొనుట వివేకము.