యంత్రం చదవలేని మాతృభాష

అరబీ పదం నడుమ ఒకే ఆకారానికి చుక్క కింద ఉంటే అది ‘బా’, పైన ఉంటే ‘నూన్’. ఒక్క చుక్క తప్పితే అర్థమే మారిపోతుందని మదర్సాలో తొలి పాఠం నుంచే పిల్లలకు చెబుతాము. అక్షరం ఒక అమానతు. దానిని యంత్రానికి అప్పగించేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో పొరుగు దేశమైన మయన్మార్ అనుభవం మనకు బోధిస్తుంది.

బర్మా లిపి, మన తెలుగు లిపి వలెనే, బ్రాహ్మీ సంతతికి చెందినది. అయితే బర్మా రాతలో ప్రతి పదం తరువాత ఖాళీ విడవాలనే నియమం లేదు. పాఠకుడే వాక్యాన్ని పదాలుగా విడదీసుకుంటాడు. యంత్రానికి ఆ నేర్పు స్వతహాగా ఉండదు. దానికి నేర్పేవారికి కంప్యూటర్ శాస్త్రమూ, బర్మా భాషా రెండూ తెలిసి ఉండాలి.

మూతపడిన తలుపులు

ఆ దేశంలో కంప్యూటర్ విద్య నిన్న మొన్నటిది కాదు. 1971లోనే ఐక్యరాజ్య సమితి సాయంతో రంగూన్‌లో విశ్వవిద్యాలయాల కంప్యూటర్ కేంద్రం ఏర్పడింది. 1998లో యాంగోన్ కంప్యూటర్ విశ్వవిద్యాలయం అవతరించింది. కాని 1988 ఉద్యమం తరువాత, మళ్లీ 1996 నిరసనల తరువాత సైనిక పాలకులు విద్యాలయాలను ఏళ్ల తరబడి మూసివేశారు.

యూనికోడ్‌లో బర్మా అక్షరాలకు 1999లోనే స్థానం లభించింది. అయినా ప్రజల చేతికి ముందుగా అందినది ‘జోజీ’ అనే ఫాంటు. అది ఆ ప్రమాణాన్ని పాటించలేదు. షాన్, మోన్, కరెన్ వంటి భాషల అక్షరాలకు కేటాయించిన స్థానాలను కూడా బర్మా అక్షరరూపాలకే వాడుకున్నది. ఒక ఫోనులో రాసినది మరొక ఫోనులో అర్థంలేని గీతలుగా కనబడేది. అను ఫాంట్లలో కూర్చిన వ్యాసం మరొక కంప్యూటర్‌లో తెరిచినవారికి ఈ బాధ తెలియనిది కాదు.

మూల్యం ఎవరు చెల్లించారు?

2014 తరువాత సిమ్ కార్డుల ధర పడిపోయి, ఫోను పల్లెలకు చేరింది. దానితో పాటు ద్వేషమూ చేరింది. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్ చేరుకున్నారు. ద్వేష ప్రచారానికి ఫేస్‌బుక్ ఉపయోగపడే సాధనమైందని 2018లో ఐక్యరాజ్య సమితి నిజనిర్ధారణ బృందం పేర్కొన్నది. తాము స్పందించడంలో ఆలస్యం చేశామని ఆ సంస్థ ఒప్పుకున్నది. ఫాంట్ల గందరగోళం వలన అటువంటి రాతలను పసిగట్టడం కష్టమైందని కూడా చెప్పింది. నేరం ఫాంటుది కాదు, ద్వేషించినవారిది. అయితే ఆ భాష చదవగల కాపలాదారు లేనిచోట దుర్మార్గుని పని సులువైంది.

2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారడం మొదలుపెట్టింది. యాంగోన్ కంప్యూటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పదాల విభజనపై, బర్మా–ఆంగ్ల యంత్రానువాదంపై శ్రమించారు. 2021 సైనిక కుట్ర తరువాత ఎందరో అధ్యాపకులు, విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. దశాబ్దాల శ్రమ మళ్లీ కుంటుపడింది.

కంప్యూటర్ చదువుతున్న మన అబ్బాయిలు, అమ్మాయిలు ఈ గాథను గుర్తుంచుకోవాలి. ఆ విద్య ఉద్యోగానికి దారి మాత్రమే కాదు. ఇంటి భాషను యంత్రానికి సవ్యంగా నేర్పడం, పొరుగువాని భాషకు దక్కవలసిన స్థానాన్ని ఆక్రమించకుండా ఉండడం కూడా దానిలో భాగమే. తల్లిదండ్రులారా! పిల్లవాడు ఏ శాస్త్రం చదివినా, మాతృభాషలో నాలుగు వాక్యాలు తప్పులేకుండా రాయగలుగుతున్నాడా అని ఈ రాత్రే ఒకసారి పరీక్షించి చూడండి.