మూడు నిమిషాల తలుపుకి సర్టిఫికెట్ ఎందుకు?

ప్రశ్న: జర్మనీలో ఇల్లు కట్టుకుంటున్న మా అబ్బాయిని వీధి తలుపు ‘ఆర్‌సీ 2’ తరగతిది పెట్టించుకోమంటున్నారు. అది దొంగను 3 నిమిషాలే ఆపుతుందట. ఆ మాత్రానికి అంత ఖర్చు దేనికి?

ఆ 3 నిమిషాల్ని ఎలా లెక్కపెడతారో తెలిస్తే సందేహం తీరుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1627 తలుపుల్ని ఆర్‌సీ 1 నుంచి 6 దాకా ఆరు తరగతులు చేసింది. ఆర్‌సీ 2 పరీక్షలో స్క్రూడ్రైవర్లు, పటకార్లు, చీలలతో ఒక మనిషి తలుపు మీద పడతాడు. పనిముట్టు తలుపుని తాకి పనిచేస్తున్నంతసేపే లెక్క. అతను అలసట తీర్చుకునే సమయం అందులో కలవదు. అన్నీ కలుపుకుంటే పరీక్ష 15 నిమిషాల దాకా సాగవచ్చు.

పైగా ఆ మనిషికి తలుపు లోపలి నిర్మాణం ముందే తెలుసు. అలాంటిదే ఇంకో తలుపు మీద ప్రయత్నించి, ఎక్కడ లొంగుతుందో చూసుకుని, ఆ తర్వాతే అసలు పరీక్షకు దిగుతాడు. చప్పుడవుతుందన్న భయం లేదు, ఎవరైనా చూస్తారన్న బెదురు లేదు. అదను చూసి వచ్చే దొంగకి ఈ వెసులుబాట్లేవీ ఉండవు. అందుకే జర్మనీ పోలీసులు ఇళ్లకి కనీసం ఆర్‌సీ 2 ఉండాలని చెబుతారు. గునపంతో కూడా 5 నిమిషాలు నిలిస్తే ఆర్‌సీ 3.

మనిషి చేతికి ముందు యంత్రాల పరీక్షలుంటాయి. తాళం, బందులు, మూలల దగ్గర సుమారు 300 కిలోల బరువుకి సమానమైన ఒత్తిడి పెట్టి, రెక్కకీ ద్వారబంధానికీ మధ్య సందు ఎంత విచ్చుకుందో కొలుస్తారు. తర్వాత జంట టైర్లున్న 50 కిలోల బరువుని ఊయలలా వదిలి గుద్దిస్తారు. భుజంతో కుమ్మినప్పుడు, కాలితో తన్నినప్పుడు పడే దెబ్బకి అది బదులు.

ఇవన్నీ రెక్క, ద్వారబంధం, తాళం, బందులు కలిసిన మొత్తానికి జరుగుతాయి. సర్టిఫికెట్ కూడా ఆ మొత్తానికే. రేపు తాళం పాడైందని చవకది బిగిస్తే, అది ఇక పరీక్షకు నిలిచిన తలుపు కాదు. గోడ సంగతీ అంతే. ద్వారబంధాన్ని పట్టుకోలేని గోడలో ఎంత గట్టి రెక్కయినా మొత్తంగా ఊడి వస్తుంది. అసలు లోపాలు ఎక్కువగా బిగింపులోనే దొరుకుతాయని నా నమ్మకం.

ఇంకొకటి. దొంగతనం పరీక్షలో దాడి బయటి వైపు నుంచే. లోపలివాళ్లు ఎలా బయటపడతారన్నది అందులో తేలదు. మంటల పరీక్ష పూర్తిగా వేరు. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. తర్వాత పోలీసులు అక్కడి ఒక ఫ్లాట్ తలుపుని పరీక్షింపజేస్తే, 30 నిమిషాలు మంటని ఆపాల్సింది 15 నిమిషాలే ఆపింది. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి మీ అబ్బాయిని కొనేముందు మూడు అడగమనండి: పరీక్షించిన సంస్థ పేరూ తరగతీ ఉన్న సర్టిఫికెట్, బిగించేవాళ్లు సంతకం పెట్టిచ్చే బిగింపు పత్రం, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే ఏర్పాటు. మూడోది రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి, ఇంట్లో పిల్లల చేత కూడా తెరిపించి చూసుకోవాలి.